పగలు ఇంట్లో ఎవరూ ఉండరట!

వంట అంటే ఏమిటి? ఈ ప్రశ్న చుట్టూ మనం కొన్ని దశాబ్దాలుగా కవితలు, కథలు, వ్యాసాలు రాస్తూనే ఉన్నాం. విమల 'వంటిల్లు' కవిత వచ్చాక తెలుగు సాహిత్యంలో ఆ గది మునుపటిలా లేదు. అయినా వంటకి ఒక్క వాక్యంలో నిర్వచనం చెప్పమంటే మనలో ఎవరమూ చెప్పలేం. అమెరికా ఇంధన శాఖ చెప్పింది. ఆ శాఖ నడిపిన సోలార్ డెకథ్లాన్ అనే విద్యార్థుల పోటీలో, 2011, 2013 సంవత్సరాల నియమావళి ప్రకారం, వంట అంటే రెండు గంటల్లోగా ఐదు పౌన్ల నీళ్ళని, అంటే సుమారు 2.27 కిలోల నీళ్ళని, పొయ్యి మీద ఆవిరి చెయ్యడం.

బట్టలారెయ్యడానికీ నిర్వచనం ఉంది. ఉతికిన తువ్వాళ్ళ బరువు ఉతకకముందున్న బరువుకి తిరిగి రావాలి. స్నానం అంటే 15 గ్యాలన్ల వేడినీళ్ళు, మన లెక్కలో దాదాపు 57 లీటర్లు, పది నిమిషాల్లో సగటున 43 డిగ్రీల వేడితో కుళాయిలోంచి రావడం. ఫ్రిజ్ చల్లదనం నిర్ణీత గీతల మధ్య నిలబడాలి. ఇవన్నీ చేసుకుంటూ పక్క ఇళ్ళ జట్లవాళ్ళని భోజనానికి పిలవాలి. వచ్చినవాళ్ళు తిని మార్కులు వేస్తారు. అత్తవారింట్లో మనలో చాలామంది మార్కుల జాబితా చూడకుండానే రాసిన పరీక్ష ఇదే!

ఈ పోటీ మొదటిసారి 2002లో వాషింగ్టన్ నగరంలోని నేషనల్ మాల్ మైదానంలో జరిగింది. విశ్వవిద్యాలయాల జట్లు సూర్యరశ్మితోనే నడిచే చిన్న ఇళ్ళు కట్టుకుని తెచ్చి అక్కడ నిలబెట్టాయి. పది అంశాల్లో పోటీ. ఆర్కిటెక్చర్ వాళ్ళు, మెకానికల్ వాళ్ళు, ఎలక్ట్రికల్ వాళ్ళు, వ్యాపార విద్య చదివేవాళ్ళు ఒకే ఇంటికోసం కలిసి పనిచెయ్యాలన్నది దాని ముఖ్య ఉద్దేశం. తర్వాత అది యూరప్‌కీ, చైనాకీ పాకింది. 2014లో వెర్సాయ్‌లో జరిగిన యూరప్ పోటీకి ఐ.ఐ.టి. బొంబాయి విద్యార్థుల 'టీమ్ శూన్య' ముంబయిలోని ఒక ఆర్కిటెక్చర్ కళాశాలతో కలిసి ఇల్లు కట్టి తీసుకెళ్ళింది. 2020-21 నుంచి మన దేశంలోనే సోలార్ డెకథ్లాన్ ఇండియా మొదలైంది. ఇక్కడ ఇల్లు కట్టి తీసుకురానక్కరలేదు. నిజమైన బిల్డరు కట్టబోయే నిజమైన భవనాన్ని తీసుకుని, ఏడాది మొత్తానికి అది వాడుకునే కరెంటుని అదే పుట్టించుకునేలా కంప్యూటర్లో రూపకల్పన చేసి చూపించాలి. ఇలాంటి పోటీలు ఇప్పుడు చాలానే వచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీ గోడల మీద పోస్టర్లు మారుతూ ఉంటాయి.

అమెరికా నియమావళి మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషమే వేసింది. ఎందుకు దాచుకోవాలి? అంట్లు తోమడం, బట్టలుతకడం, నీళ్ళు కాచడం అనే పనులు ఇంజనీరింగ్ మార్కుల పట్టికలోకి ఎక్కాయి. కాబోయే ఇంజనీర్లయిన మగపిల్లలు తువ్వాళ్ళు ఆరాయో లేదో అని త్రాసు దగ్గర నిలబడి ఆందోళన పడ్డారు. ఇంటిచాకిరీ కనబడని శ్రమ అని మనం అరిచి చెప్పినా వినని చోట ఒక మీటరు దాన్ని కనిపించేలా చేసింది కదా అనుకున్నాను.

మళ్ళీ చదివితే అసలు సంగతి బోధపడింది. మీటరుకి కనిపించింది యంత్రం. ఆ యంత్రం ముందు నిలబడ్డ మనిషి కాదు. పప్పులో రాళ్ళేరడం, చింతపండు పిసకడం, పొంగుతున్న పాల దగ్గర కాపలా కాయడం, ఎవరికి కారం తగ్గించాలో గుర్తుపెట్టుకోవడం ఆవిరవవు. కాబట్టి తూకానికి రావు. "మేడమ్, అది ఎనర్జీ పోటీ, సోషియాలజీ పోటీ కాదు" అని మా సహోద్యోగి ఒకాయన నవ్వాడు. నిజమే. కానీ దేన్ని తూస్తారో దానికే డబ్బు, బుర్ర, రాత్రి నిద్ర ఖర్చుపెడతారు. తూకంలో లేనిదానికి కిటికీ కూడా పెట్టరు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఒక ఏడాది అలాంటి పోటీకి వెళ్ళిన మా కాలేజీ జట్టుకి నేను మార్గదర్శిని. నా కళ్ళముందు జరిగిందే చెబుతున్నాను.

మా జట్టులో నాలుగు విభాగాల పిల్లలున్నారు. హైదరాబాదు శివార్లలో కట్టబోయే మూడు పడకగదుల ఫ్లాట్ల భవనం మాకు దొరికింది. ఇలాంటి భవనం ఏడాదికెంత కరెంటు తింటుందో చెప్పడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి గోడలు, కిటికీలు, ఊరి ఎండ, వానతోపాటు ఇంకొకటి కూడా చెప్పాలి: ఏ గంటలో ఇంట్లో ఎంతమంది ఉంటారు? దాన్ని ఆక్యుపెన్సీ షెడ్యూలు అంటారు. ఒక పట్టిక, అందులో 24 గడులు, గడికొక అంకె. ఆ అంకెని బట్టే సాఫ్ట్‌వేర్ ఫ్యాను తిప్పుతుంది, లైటు వేస్తుంది, ఏసీ నడుపుతుంది. అంకె సున్నా అయితే ఇల్లు నిద్రపోతుంది.

మా పిల్లల పట్టికలో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా సున్నా ఉంది.

జట్టు సమావేశంలో ఆ పట్టికని ప్రొజెక్టర్ మీద వేసినప్పుడు మూడో సంవత్సరం ఎలక్ట్రికల్ అమ్మాయి ఒకర్తె చెయ్యెత్తింది. "పగలు అమ్మ ఇంట్లోనే ఉంటుంది కదా మేడమ్" అంది. గదిలో నవ్వులు. ఎగతాళి నవ్వులు కావవి. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ అనుకోనిచోట విన్నప్పుడు వచ్చే నవ్వు. జట్టు నాయకుడు, చాలా మంచి కుర్రాడే, ఓపిగ్గా వివరించాడు. "ఈ ఫ్లాట్లు కొనేది భార్యాభర్తలిద్దరూ ఐటీలో పనిచేసేవాళ్ళు. వాళ్ళింట్లో పగలెవరుంటారు?" ఆ పిల్ల ఊరుకోలేదు. "వాళ్ళింట్లో పనిచేసే ఆంటీ వస్తుంది. వాళ్ళ పాపని చూసుకోడానికి ఊర్నుంచి వాళ్ళమ్మో అత్తమ్మో వచ్చి ఉంటుంది. మా అమ్మ పగలంతా మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఫ్యాను, లైటు, మిషను. ఎవరింట్లోనైనా సరే, సున్నా ఎట్లా అయితది?"

సున్నాల చోట ఒకటీ రెండూ పెట్టి చూశారు. ఏడాది లెక్క పైకి లేచింది. పై కప్పు మీద పలకలు పెట్టడానికి ఉన్న చోటు అప్పటికే నిండిపోయింది. అంతస్తులు పెరిగేకొద్దీ మనుషులు పెరుగుతారు గాని కప్పు పెరగదు. భవనం 'నెట్ జీరో' గీత దాటి అవతల పడింది. అంటే మా భవనం ఏడాది పొడవునా స్వావలంబనతో నిలబడాలంటే అందులో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళుండకూడదు!

నేనేం చేశాను? స్త్రీవాద సభల్లో మాట్లాడే నేను, "రేపు సాయంత్రంలోగా పంపాలి, ఈసారికి పాత పట్టికే ఉంచండి" అన్నాను. ఈ వ్యాసంలో ఇతరుల మీద వేసే ప్రతి రాయీ ముందు నాకు తగిలాకే వాళ్ళ దాకా వెళ్తుంది. ఆ పిల్ల నావైపు ఒకసారి చూసి తల దించుకుని ల్యాప్‌టాప్ మూసేసింది.

పోటీలో మేము కొంతదూరం వెళ్ళాం. నిర్ణేతలు పలకల వాలు గురించి అడిగారు, వాన నీళ్ళ తొట్టి గురించి అడిగారు, ఖర్చు ఎన్నేళ్ళకి తిరిగొస్తుందని అడిగారు. షెడ్యూలు గురించి ఎవరూ అడగలేదు. అడగరని మాకు తెలుసు. తెలుసు కాబట్టే మార్చలేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. అదే పని చేస్తామనే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్ళలో మన పని పది నిమిషాలు తగ్గింది, వాళ్ళదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! ప్రభుత్వం దగ్గర ఇంత వివరంగా లెక్క ఉంటే, ఇల్లు ఎలా కట్టాలో నేర్పే తరగతి గదికి అది ఎందుకు చేరలేదు? దాదాపు ఐదు గంటలు ఒక మనిషి ఒక గదిలో నిలబడుతుందని తెలిసినప్పుడు ఆ ఐదు గంటలు షెడ్యూలు పట్టికలో ఏ గడిలో ఉండాలి?

వంటగది సంగతికొస్తే అన్యాయం ఇంకా సూక్ష్మం. మా సాఫ్ట్‌వేర్‌లో పడకగదులు, హాలు 'కండిషన్డ్' జోన్లు. వంటగది, స్నానాలగది, సామానుగది 'అన్‌కండిషన్డ్'. ఏడాదిలో ఎన్ని గంటలు ఉక్కపోతగా ఉందో లెక్కేసేటప్పుడు మొదటి రకం గదులనే లెక్కేశారు. వంటగది 40 డిగ్రీలకెక్కినా సౌకర్యం మార్కులు ఒక్కటి కూడా తగ్గవు. పొయ్యి వేడి కూడా లెక్కలోకి రాలేదు. గ్యాసు కరెంటు మీటరులోకి రాదు కాబట్టి మా భవనంలో పొయ్యి ఏడాది పొడవునా చల్లారే ఉంది. మంచి గ్యాసు పొయ్యి కూడా మండిన వేడిలో దాదాపు మూడో వంతు గిన్నెకివ్వక గదికే ఇస్తుంది. మంట రెపరెపలాడుతుందని వంటచేసే మనిషి ఫ్యాను వేసుకోదు. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకి స్టవ్ ముందు నిలబడి చూసిన ఏ ఆడదానికైనా తెలిసిన ఈ సంగతి, నాలుగేళ్ళ భవన భౌతికశాస్త్రం చదివినవాళ్ళకి తెలియదంటే నేను నమ్మను. తెలుసు. అది చదువులో భాగం అనిపించలేదు, అంతే.

అసలు సౌకర్యం అంటే ఎవరి శరీరానికి సౌకర్యం? 2015లో కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. ఆఫీసు భవనాల్లో ఎంత చల్లదనం ఉండాలో నిర్ణయించే ప్రమాణాల వెనక సుమారు 70 కిలోల బరువు, 40 ఏళ్ళ వయసున్న మగవాడి శరీరం ఉందనీ, స్త్రీల శరీరం పుట్టించే వేడిని అది ఎక్కువ చేసి చూపుతోందనీ అందులో అన్నారు. ఏసీ ఆఫీసుల్లో మన స్నేహితురాళ్ళు శాలువా కప్పుకుని కూర్చోవడానికి ఇంత చరిత్ర ఉంది. దీనికన్నా ముందే మన ఊళ్ళో మన మనిషే చేసిన పని ఒకటుంది. ఆర్కిటెక్ట్, పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాదు అపార్టుమెంట్లలో ఇల్లిల్లూ తిరిగి, ఉష్ణమాపకాలు పెట్టి, ఇంట్లో ఉన్నవాళ్ళని 'ఇప్పుడు మీకెలా ఉంది?' అని అడిగి రాసుకున్నారు. మన జాతీయ భవన నియమావళి వేసవిలో 23 నుంచి 26 డిగ్రీలు సౌకర్యం అంటుంటే, ఆమెకి ఇళ్ళల్లో దొరికిన సౌకర్యపు పరిధి 26 నుంచి 32 డిగ్రీలు దాటింది. వయసు, స్త్రీ పురుష భేదం, ఆర్థిక స్థితి, సొంతిల్లా అద్దెదా అన్న తేడాలని కూడా ఆమె విడదీసి చూశారు. చీర కట్టే తీరుని బట్టి అది శరీరానికిచ్చే వెచ్చదనం ఎలా మారుతుందో కొలిచిన 2015 నాటి పరిశోధనలోనూ ఆమె భాగస్వామి. ప్యాంటుకి, చొక్కాకి, కోటుకి పట్టికలు ఎప్పట్నుంచో ఉన్నాయి. చీరని కొలవాలని తోచడానికి చీర తెలిసిన మనిషి ఆ గదిలో ఉండాల్సివచ్చింది. హైదరాబాదు గురించే చేసిన ఈ పని మా జట్టు పఠన జాబితాలో లేదు. జాబితా తయారుచేసింది నేనే కాబట్టి ఆ తప్పూ నాదే.

చట్టాలు కాపాడతాయా అంటే, 2018 డిసెంబరులో కేంద్రం తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' అనే ఇళ్ళ ఇంధన నియమావళి ఉంది. మంచి నియమావళే. గాలి కోసం తెరుచుకునే కిటికీ తలుపుల వైశాల్యం ఇంటి నేల వైశాల్యంలో ఇంత శాతం ఉండాలంటుంది. హైదరాబాదు లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాలకి 16.66 శాతం. కానీ ఇది ఇల్లంతటికీ కలిపి వేసే లెక్క. హాలుకి పెద్ద బాల్కనీ తలుపు పెట్టి, వంటగదికి డక్టు వైపు అరచేయంత వెంటిలేటరు పెట్టినా లెక్క సరిపోతుంది. సగటు అనే మాటలోనే మన కథంతా ఉంది. కుటుంబ సగటు ఆదాయం బాగుంటే ఇల్లాలి చేతిలో డబ్బుందని అర్థమా?

మా జట్టులో నాలుగు శాస్త్రాలున్నాయని చెప్పాను కదా. పిలవకుండానే వచ్చిన ఐదోది ఒకటుంది, వాస్తు. బిల్డరు తన సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. అన్ని ఫ్లాట్లలోనూ వంటగది ఆగ్నేయంలోనే ఉండాలన్నాడు. పిల్లలు సూర్యుడి దారి గీసి చూపించారు. ఉదయం టిఫిన్లు, లంచ్ బాక్సుల వేళకి తూర్పు ఎండ నేరుగా ఆ గోడని కాలుస్తుందన్నారు. దీన్ని సమర్థించేవాళ్ళు చెప్పే ఒక కారణం కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఎక్కువకాలం పడమటి గాలి వీచే చోట ఆగ్నేయంలో పొయ్యి ఉంటే పొగ ఇంట్లోకి రాకుండా బయటికి పోతుంది. నాలుగువైపులా ఖాళీ ఉన్న పెంకుటింట్లో అది అనుభవం నేర్పిన విజ్ఞానమే. పక్కన ఇంకో ఫ్లాటు గోడ ఆనుకుని ఉన్నచోట అది ఉత్త మొండితనం. ఎలివేషన్ పాడవుతుందని బట్టల దండెం కూడా తీయించేశాడు. మరి బట్టలు? డ్రైయరు కొనుక్కుంటారట. ఉచితంగా ఎండ దొరికే ఊళ్ళో, సౌర భవనాల పోటీలో, బట్టలు ఆరెయ్యడానికి కరెంటు! ఇదేమిటని పిల్లల్లో ఎవరూ అడగలేదు. అప్పుడు నేనూ అడగలేదు.

బహుళ శాస్త్రాల సమ్మేళనం అంటే ఇదేనా? ఏ శాస్త్రాలు? హైదరాబాదు సైఫాబాదులో దశాబ్దాలుగా హోమ్ సైన్సు కళాశాల ఉంది. ఇప్పుడు దాన్ని కమ్యూనిటీ సైన్సు అంటున్నారు. వంట గట్టు ఎంత ఎత్తుంటే నడుం నొప్పి రాదు, ఏ పనికి ఎంత శ్వాస ఖర్చవుతుంది, వంటగదిలో మనిషి ఎన్ని అడుగులు తిరుగుతుంది అని కొలవడం ఆ శాస్త్రంలో ఒక శాఖ. ఆడపిల్లలకి పెళ్ళికి పనికొచ్చే చదువు అని మనమే ఆ శాస్త్రాన్ని చిన్నచూపు చూశాం. స్త్రీవాదులం కూడా చూశాం. వంటింట్లోంచి బయటపడాలన్న తొందరలో వంటింటిని కొలిచే శాస్త్రాన్ని అక్కడే వదిలేశాం. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్టులో కార్మికుల ఇళ్ళకోసం వంటగదిని గీసినప్పుడు వంటచేసే మనిషి అడుగులనీ నిమిషాలనీ లెక్కపెట్టిన పరిశోధనలనే ఆధారం చేసుకుంది. ఆ నమూనా దాదాపు పదివేల ఇళ్ళల్లో కట్టారు. దాని మీద విమర్శలున్నాయి. ఒక్క మనిషే పట్టే గదిలో స్త్రీని ఒంటరిని చేసిందన్నారు. ఆ విమర్శ నాకూ ఒప్పుకోలే. కానీ ఆ గదిలో ఒక మనిషి ఉంటుందని ఆమె పట్టికలో ఉంది. సున్నా లేదు.

మా విద్యార్థులకి నేను చెప్పని ఇంకో కథ ఉంది. 1948లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని డోవర్ అనే ఊళ్ళో సూర్యరశ్మితో వెచ్చబడే ఇల్లొకటి కట్టారు. వేడిని నిలవచేసే పద్ధతి రూపొందించింది హంగేరీ నుంచి వలసవచ్చిన శాస్త్రవేత్త మరియా టెల్కెష్. ఇంటిని గీసింది ఎలినార్ రేమండ్ అనే ఆర్కిటెక్టు. డబ్బు పెట్టింది అమీలియా పీబడీ అనే శిల్పి. విజ్ఞానం, వాస్తుకళ, పెట్టుబడి, ముగ్గురూ ఆడవాళ్ళే. గ్లాబర్ లవణం కరిగేటప్పుడు వేడిని దాచుకుని గడ్డకట్టేటప్పుడు తిరిగిస్తుందన్నది టెల్కెష్ ఊహ. మొదటి చలికాలాలు బాగానే గడిచాయి. తర్వాత లవణం పొరలు పొరలుగా విడిపోయి పనిచెయ్యడం మానేసింది. ఆ వైఫల్యాన్ని ఇంజనీరింగ్ చరిత్రలో బాగానే గుర్తుంచుకున్నారు. మగవాళ్ళ ఇళ్ళల్లో ఎన్ని పంపులు, ఎన్ని ట్యాంకులు ఆగిపోలేదు! వాటిని ప్రయోగాలన్నారు. ఆ ఇంట్లో టెల్కెష్ బంధువుల కుటుంబం నిజంగా కాపురం చేసింది. 'బహుళ శాస్త్రాల జట్టు' అన్న పేరు ఈ పోటీల పోస్టర్ల మీదికి రాకముందే ఆ జట్టు ఉంది.

జట్టులో పనుల పంపకం గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే. సాఫ్ట్‌వేర్, కరెంటు లెక్కలు మగపిల్లలవి. నివేదిక రాయడం, బొమ్మలు అందంగా చెయ్యడం, అందరికీ ఫోన్లు చేసి గుర్తుచెయ్యడం ఆడపిల్లలవి. రాత్రి ఎనిమిదింటికి హాస్టలు గేటు మూసేస్తారు కాబట్టి రాత్రిళ్ళు ల్యాబులో జరిగిన నిర్ణయాలు వాళ్ళకి పొద్దున్న తెలిసేవి. సర్టిఫికెట్ల మీద మాత్రం అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

ఈ భవనాల్ని కట్టేవాళ్ళ మాట? సిమెంటు బస్తా తయారీలో ఎంత కార్బన్ బయటికొచ్చిందో పిల్లలు దశాంశ స్థానాల దాకా లెక్కేశారు. ఆ సిమెంటుని తట్టలో పైకి మోసే మనిషి ఎక్కడ పడుకుంటుందో, ఎక్కడ స్నానం చేస్తుందో ఎవరి పట్టికలోనూ లేదు. పొద్దున్న నాలుగింటికే చీకట్లో లేచి చెట్లచాటుకి పోవాల్సిన ఆవిడ, మరుగుదొడ్లకి నీళ్ళు ఎలా ఆదా చెయ్యాలో మేం గీసిన భవనానికి ఇటుకలందిస్తుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళు పనిచేసినా ఆడమనిషి తాపీ పట్టదు. మేస్త్రి కాదు, కూలీగానే ఉండిపోతుంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలంది. తాత్కాలిక వసతి ఉచితంగా ఇవ్వాలంది. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానం తీసుకున్నాయి. చట్టం పేరు మారినా రేకుల షెడ్డు మారలేదు. న్యాయంగా ఒక మాట చెప్పాలి. సోలార్ డెకథ్లాన్ ఇండియాలో నిర్మాణ స్థలంలోనే కార్మికులకి వసతి రూపొందించడాన్ని ఒక ప్రత్యేక విభాగంగా పెట్టారు. అది మెచ్చుకోదగ్గ పని. ఈ సమస్య ఇంజనీరింగ్ సమస్య కాదు, సంఘసేవ అని తప్పించుకునే దారి దాంతో మూసుకుపోయింది. ఆ దారి మూయడం సాధ్యమేనని తేలింది కాబట్టే వంటింటి విషయంలో, షెడ్యూలు విషయంలో ఎందుకు మూయరని నా కోపం.

పోటీ అయిపోయి అందరూ పరీక్షల్లో పడ్డాక ఆ ఎలక్ట్రికల్ అమ్మాయి ఒక సాయంత్రం నా గదికొచ్చింది. మార్కులకోసం కాదు, తనకోసం మళ్ళీ మొత్తం లెక్క నడిపానంది. పగలు ఇంట్లో ఇద్దరున్నట్టు పెట్టింది. వంటగదిని విడి జోనుగా విడదీసి, రెండు బర్నర్ల వేడి అందులో పోసింది. సంఖ్య ఎలాగూ పైకి పోయింది. అక్కడ ఆగిపోకుండా ఏం చేస్తే దిగుతుందో వెతికింది. 75 వాట్ల పాత రకం ఫ్యాన్ల చోట 30 వాట్ల దగ్గర తిరిగే కొత్తరకం పెట్టింది. పడమటి గోడకి నీడ కట్టింది. వంటగదికి ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టింది, అందుకోసం సామానుగదిని పక్కకి జరిపింది. గ్యాసు చోట ఇండక్షన్ పొయ్యి పెట్టి దాని కరెంటు కూడా లెక్కలో వేసింది. బాల్కనీలో దండెం కట్టి డ్రైయరు తీసేసింది. చివరికి గీతకి కొంచెం అవతలే నిలబడింది, నెట్ జీరో కాలేదు. "కాలేదు మేడమ్, కానీ ఇందులో అబద్ధం లేదు" అంది.

"ఇది పోటీకి పంపి ఉంటే?" అన్నాను.

"మొదటి రౌండులోనే పోయేవాళ్ళం."

నిజమే, పోయేవాళ్ళం. సున్నాలు పెట్టుకున్న జట్లు ముందుకి పోయేవి. మూల్యాంకనం మారకుండా ఒక్క జట్టు నిజాయితీగా ఉంటే జరిగేది అదే. కాబట్టి నేను అడుగుతున్నది పిల్లల నిజాయితీ కాదు. ఇలాంటి పోటీలు నడిపే సంస్థలన్నిటినీ అడుగుతున్నాను. నివాస భవనాలన్నిటికీ ఒకే షెడ్యూలు మీరే ఇవ్వండి. అందులో పగటి గడులు నింపండి, కాల వినియోగ సర్వే అంకెలు మీ చేతిలోనే ఉన్నాయి. వంటగదిని సౌకర్యం లెక్కలో చేర్చండి. ఇంటిపని చేసే మనిషినొకర్ని, జీతానికి చేసే ఆమెనైనా సరే, నిర్ణేతల బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వాన నీళ్ళ నిపుణుడు ఒకడుంటే తప్పు లేనప్పుడు ఆమె ఉంటే తప్పేమిటి? ఇందులో ఏదీ ఖర్చుతో కూడింది కాదు. కొత్త సాంకేతికత అక్కర్లేదు. ఒక పట్టికలో ఎనిమిది గడులు మార్చాలి.

ఈ ఏడాది పోటీ జట్టు కోసం మా కాలేజీలో సర్క్యులర్ తయారైంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఆర్కిటెక్చర్ విభాగాల విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు అని ఎప్పటిలాగే టైపు చేసి నా సంతకానికి పంపారు. నాలుగు పేర్ల కింద కలంతో 'కమ్యూనిటీ సైన్సు, సైఫాబాదు కళాశాలతో మాట్లాడాలి' అని రాసి సంతకం పెట్టాను. అది ప్రిన్సిపాల్ గారి బల్ల మీద మూడు వారాలుగా ఉంది.